ఫారెక్స్ కార్డూ, బ్యాంకు టీటీ: ఇద్దరు పిల్లల చదువులకు వాడి చూశాక

గుంటూరు బ్రాడీపేటలో మేముండే వీధిలో ప్రతి వేసవిలో ఎవరో ఒకరి అబ్బాయో అమ్మాయో పైచదువులకి విమానం ఎక్కుతారు. జూన్ వచ్చేసరికి వాళ్ళ అమ్మానాన్నలు మా ఇంటికొచ్చి అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న: "వదిన గారూ, ఫారెక్స్ కార్డు తీసుకోమంటారా, బ్యాంకులో టీటీ పంపమంటారా?" ఫారెక్స్ కార్డంటే విదేశీ డబ్బు ముందే నింపి ఇచ్చే కార్డు, టీటీ అంటే మన బ్యాంకు ఖాతాలోంచి నేరుగా విదేశంలోని ఖాతాకి పంపడం. మా అమ్మాయి అమెరికాలో ఎమ్మెస్ చేసింది, అబ్బాయి ఇప్పుడు జర్మనీలో చదువుతున్నాడు. ఇంట్లో లెక్కలు నావి కాబట్టి ఈ డబ్బు పంపే పనంతా కొన్నేళ్ళుగా నా చేతుల మీదే నడుస్తోంది. అందరికీ విడివిడిగా చెప్పే మాటలే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. ఫారెక్స్ కార్డు ప్రయాణానికి, అక్కడికి చేరాక మొదటి నెలా రెండు నెలలకి చాలా బాగుంటుంది. ఫీజుకి, అద్దెకి దాన్ని నమ్ముకోకూడదు. టీటీ ఫీజులకి సరైన దారే గానీ బ్యాంకు బోర్డు మీద రాసిన రేటుకి ఎప్పుడూ ఒప్పుకోకూడదు. డాలరు పెరగడం తగ్గడం మన చేతిలో లేదు. బ్యాంకు ఆ రేటు మీద ఎంత వేసుకుంటుందన్నది మాత్రం గట్టిగా అడిగితే తగ్గుతుంది. మా ఇంట్లో మిగిలిన డబ్బంతా అక్కడే మిగిలింది.

రూపాయి నడక సంగతి తెలిసిందే. 2022 అక్టోబరులో డాలరు మొదటిసారి 83 దాటింది. ఆ తర్వాత దాదాపు రెండేళ్ళు ఆ చుట్టుపక్కలే తిరగడంతో మాకు బెంగ తగ్గింది. 2024 డిసెంబరులో 85 దాటింది, 2025 డిసెంబరులో 90 దాటింది. ముడిచమురు దిగుమతులకి డాలర్లు కావాలి, విదేశీ మదుపుదారులు షేర్లు అమ్మి వెనక్కి వెళ్తే డాలర్లు కావాలి. రిజర్వు బ్యాంకు మధ్యలో డాలర్లు అమ్మి జారుడు నెమ్మది చేస్తుంది, అంతే. ఫలానా నెలలో తగ్గుతుందని చెప్పినవాళ్ళ మాట నేను విన్నంతవరకూ నిలబడలేదు.

ఇప్పుడు టీటీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పెద్ద మొత్తాలు పోయేది ఇక్కడే. బ్యాంకులో రోజూ ఉదయం ఒక రేట్ల కాగితం వస్తుంది. దాని మీద టీటీ బయ్యింగు, టీటీ సెల్లింగు, నోట్ల బయ్యింగు, నోట్ల సెల్లింగు అని వరసలుంటాయి. మనకి బ్యాంకు డాలర్లు అమ్ముతోంది కాబట్టి మనం చూడాల్సింది టీటీ సెల్లింగు. 2024 ఆగస్టులో అమ్మాయి సెమిస్టరు ఫీజు 12,000 డాలర్లు కట్టాలి. ఫోన్లో చూస్తే మార్కెట్ రేటు 83.90. బ్యాంకు కాగితం మీద 85.10. తేడా రూపాయి ఇరవై పైసలే కదా అనిపిస్తుంది, 12,000తో హెచ్చిస్తే 14,400 రూపాయలు. అంత డబ్బు ఏ రసీదులోనూ ఛార్జీగా కనపడదు. రేటులోనే కలిసిపోతుంది. "మా దగ్గర కమీషన్ లేదండీ" అని ఎవరైనా అంటే నేను వెంటనే రేటే అడుగుతాను.

ఆ రోజు నేను మేనేజరు గారితో, "బోర్డు రేటు కాదండీ, మీ ట్రెజరీకి ఫోన్ చేసి ఈ మొత్తానికి రేటు తెప్పించండి" అన్నాను. ట్రెజరీ అంటే బ్యాంకులో కరెన్సీ రేట్లు చూసే విభాగం. ఆయన కాదనలేదు. "పన్నెండు వేలకి అడిగి చూస్తానమ్మా" అని ఫోన్ చేశారు. కాసేపటికి ఒక చీటీ వెనక 84.20 అని రాసి నా ముందుకి జరిపి, "ఇది ఇప్పటికిప్పుడు ఇస్తున్న రేటు, సరేనంటే బుక్ చేసేస్తారు, సాయంత్రానికి ఉండదు" అన్నారు. సరేనన్నాను. డాలరుకి తొంభై పైసలు, మొత్తం 10,800 రూపాయలు తగ్గింది. చిన్న మొత్తాలకి ఇలా ఇవ్వరు. ఐదారు వేల డాలర్లు దాటిన దగ్గర్నుంచి మాత్రం అడగడానికి మొహమాటపడొద్దు. వేరే బ్యాంకు ఇచ్చిన రేటు చేతిలో ఉంటే మాట ఇంకా తేలిగ్గా సాగుతుంది. మనదేశంలో డాలరు మార్కెట్ ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3.30 వరకే కాబట్టి పదకొండు తర్వాత వెళ్ళడం నాకు కలిసొచ్చింది. శని ఆదివారాల్లో, రాత్రిపూట యాప్‌లో చూపించే రేటు దాదాపు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది, సోమవారం మార్కెట్ ఎలా తెరుచుకుంటుందో తెలియక ముందే కలిపేసుకుంటారు.

రేటు కాక ఇంకో మూడు ఖర్చులున్నాయి. కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ చాలా తక్కువ: లక్ష రూపాయలకి 180, పది లక్షలకి 990. విదేశీ బ్యాంకుకి సందేశం పంపినందుకు వేసే స్విఫ్ట్ ఛార్జీ బ్యాంకుని బట్టి మారుతుంది. మూడోది మధ్యవర్తి బ్యాంకు కోత. ఫారం నింపేటప్పుడు విదేశీ ఛార్జీలు ఎవరు భరిస్తారని అడుగుతారు. అందులో "అవర్" అని పెడితే అన్నీ మన ఖాతాలోంచి పోతాయి, అవతలికి పూర్తి మొత్తం చేరుతుంది. "షేర్" అని పెడితే దారిలో ఉన్న బ్యాంకు తన వాటా కోసుకుంటుంది. ఒకసారి కౌంటర్‌లో వాళ్ళు నన్ను అడక్కుండానే రెండోది పెట్టేశారు. యూనివర్సిటీ ఖాతాలో అమ్మాయి పేరు మీద 25 డాలర్ల బాకీ తేలి, అది తీరేదాకా తర్వాతి కోర్సుల రిజిస్ట్రేషన్ ఆగిపోయింది. అప్పట్నుంచి ఆ గడి నేనే నింపుతాను, సంతకం పెట్టే ముందు మళ్ళీ చూస్తాను. యూనివర్సిటీ వాళ్ళే పెట్టే చెల్లింపు పోర్టళ్ళలో రూపాయల్లో ఒకే అంకె చూపించి, కొన్ని రోజుల పాటు ఆ అంకెకి కట్టుబడతారు. కొన్నిసార్లు మా బ్యాంకు కంటే అదే తక్కువ పడింది. ఆఖరికి మన ఖాతాలోంచి మొత్తం ఎంత పోతుందో ఆ అంకె ఒక్కటే పోల్చి చూడండి.

టీసీఎస్, అంటే విదేశానికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను, ఆ పేరు విని చాలామంది భయపడతారు. అది పోయే డబ్బు కాదు. మన పాన్ మీద జమ అవుతుంది, పన్ను శాఖ దగ్గరుండే మన పన్ను జమల పట్టికలో కనపడుతుంది, రిటర్ను వేసినప్పుడు పన్నులో సర్దుబాటు అవుతుంది, మిగిలితే వాపసు వస్తుంది. కానీ ఆ డబ్బు అన్నాళ్ళు ఇరుక్కుపోతుంది. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షల దాకా ఇది లేదు, గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన విద్యా రుణంతో పంపేదానికి అసలే లేదు. ఆ ఏడాది సొంత డబ్బుతో చదువుకి పంపితే 10 లక్షలు దాటిన మేర మీద 5 శాతం. శాతాలు బడ్జెట్‌లలో మారుతుంటాయి కాబట్టి పంపే ముందు ఆ ఏటి లెక్క చూసుకోవాలి. ఈ పరిమితి మనిషికి ఒకటి. మా వారి పాన్ మీద కొంత, నా పాన్ మీద కొంత పంపాం. ఒక్కొక్కరికి ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా రిజర్వు బ్యాంకు అనుమతి ఉంది, మన మధ్యతరగతి వాళ్ళకి ఆ గీత అడ్డమే రాదు.

ఇక ఫారెక్స్ కార్డు. అమ్మాయి వెళ్ళేటప్పుడు 2,000 డాలర్లు వేసి ఇచ్చాం. వేసిన రోజు రేటే ఖాయమైపోవడం దీనిలో ఉన్న పెద్ద సుఖం. ఆ తర్వాత రూపాయి పడినా కార్డులో ఉన్నవి డాలర్లే. అక్కడ బ్యాంకు ఖాతా తెరిచేదాకా సరుకులు, బస్సు, ఫోను అన్నీ దాంతోనే నడిచాయి. దానికి జతగా ఇచ్చిన రెండో కార్డు ఇక్కడ మా దగ్గరుంచుకున్నాం. ఇబ్బందులూ ఉన్నాయి. ఏటీఎంలో తీస్తే ప్రతిసారీ రుసుము. పెట్రోలు బంకులో, హోటల్లో డిపాజిట్ కింద కొంత మొత్తం ఆపేస్తారు, అది తిరిగి కార్డులో కనపడడానికి వారం పైన పట్టిన సందర్భాలున్నాయి. కొద్ది డబ్బుతో ఉన్న పిల్లకి అది నిజంగా కష్టం. ఇంటి యజమాని అద్దె కార్డు మీద తీసుకోడు. డాలర్లు వేసిన కార్డుని యూరోల దేశంలో గీకితే ఇంకో మూడున్నర శాతం దాకా పడుతుంది, విమానం మారే చోట కాఫీ తాగినా సరే.

మేమిద్దరం అమ్మాయి దగ్గరకి వెళ్ళినప్పుడు ఒక దుకాణంలో కార్డు మిషను మీద రెండు గడులు వచ్చాయి, ఒకదానిలో డాలర్లు, రెండోదానిలో రూపాయలు. మా వారి వేలు రూపాయల మీదకి పోయింది, తెలిసిన అంకె కదా. అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపి, "నాన్నా, డాలర్లే నొక్కు" అంది. రూపాయలు నొక్కితే మార్పిడి ఆ దుకాణం తరఫు బ్యాంకు చేస్తుంది, తనకి నచ్చిన రేటు వేసుకుంటుంది. ఏ దేశంలో ఉన్నా ఆ దేశం కరెన్సీయే నొక్కాలి.

చేతి డబ్బు సంగతి రెండు ముక్కలు. నోట్ల రూపంలో ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకే ఇస్తారు, నోట్ల రేటు కార్డు రేటు కంటే ఎక్కువ. విజయవాడ బందరు రోడ్డులో రెండు మూడు చోట్ల అడిగి, విమానాశ్రయం దాకా ఆగకుండా ముందే తీసుకోవడం మేలు. 50,000 రూపాయలు దాటితే నగదు పుచ్చుకోరు, చెక్కో బ్యాంకు బదిలీయో కావాలి.

నాకు అసలు పాఠం చెప్పింది యూరో. మనందరి కళ్ళూ డాలరు మీదే ఉంటాయి. అబ్బాయి జర్మనీ వీసాకి బ్లాక్డ్ అకౌంటులో, అంటే ఏడాది ఖర్చుల డబ్బు ముందే వేసి ఉంచే ఖాతాలో, 11,904 యూరోలు వెయ్యాల్సి వచ్చింది. అక్కడికెళ్ళాక నెలకి 992 చొప్పున వదులుతారు. 2025 జనవరిలో యూరో 89 రూపాయల దగ్గరుంది, జులై నాటికి 100 అయింది. ఆ రెండు నెలల్లోనూ డాలరు 86 పరిసరాల్లోనే ఉంది! రూపాయి మారినట్టు ఎవరికీ అనిపించలేదు, నిజానికి డాలరు యూరో ముందు తగ్గింది, డాలరుతో పాటు నడిచిన మన రూపాయీ తగ్గింది. లెక్క వేస్తే 10,59,456 కావలసింది 11,90,400 అయింది, లక్షా ముప్పై వేల తేడా. అడ్మిషన్ రాకముందే అంత డబ్బు పంపే ధైర్యం ఏ ఇంట్లోనూ ఉండదు కాబట్టి ఇది తప్పించుకోగలిగిందీ కాదు. దుబాయ్‌లో ఉన్న మా మరిదికి ఈ గొడవ లేదు. దిర్హాం డాలరుకి 3.6725 చొప్పున కట్టేసి ఉంటుంది కనక డాలరు 90 అయితే దిర్హాం ఇరవై నాలుగున్నర, వేరే ఏదీ చూడక్కర్లేదు.

అప్పట్నుంచి మేం మిర్చి యార్డు పద్ధతి పాటిస్తున్నాం. మా పుట్టింటివాళ్ళు రేటు కోసమని మొత్తం కోల్డ్ స్టోరేజీలో పెట్టరు, మొత్తం ఒకే రోజు అమ్మరు. కొన్ని బస్తాలు ఇప్పుడు, కొన్ని తర్వాత. ఫీజుకి వాయిదాలు ఇచ్చే యూనివర్సిటీ అయితే వాయిదాల్లోనే కట్టాం. ఖర్చుల డబ్బు మూడు నెలలకోసారి, ముందే అనుకున్న తారీఖున, రేటు ఎంతున్నా పంపేశాం. నెలనెలా పంపితే ప్రతిసారీ పడే స్థిర ఛార్జీలు తినేస్తాయి. ఏడాదికోసారి పంపితే ఆ ఒక్క రోజు రేటుకే దొరికిపోతాం.

లోను తీసుకునేవాళ్ళకి ఒక మాట. రూపాయల్లో తీసుకుని, పిల్లలు డాలర్లలో సంపాదించి తీర్చేట్టయితే డాలరు పెరగడం మేలే చేస్తుంది. 12 లక్షల బాకీ, డాలరు 83 ఉన్నప్పుడు 14,458 డాలర్లు, 90 ఉన్నప్పుడు 13,333. ఫీజు కట్టేటప్పుడు మమ్మల్ని ఏడిపించిన రేటే అమ్మాయి ఉద్యోగంలో చేరాక బాకీ తీర్చడంలో సాయపడింది. పూచీ లేకుండా డాలర్లలోనే అప్పిచ్చే సంస్థలు ఉన్నాయి, చదువయ్యాక ఇండియా వచ్చేయాలనుకునే పిల్లలు వాటి జోలికి పోతే మాత్రం రూపాయి పడిన ప్రతిసారీ బాకీ పెరుగుతుంది.

కార్డుకి అయిదులో మూడున్నర ఇస్తాను, బేరం ఆడిన టీటీకి నాలుగు, బేరం ఆడని టీటీకి రెండు. కార్డు వాడకం అయిపోయాక డబ్బు అందులో వదిలేయకండి. కొన్ని కార్డులకి వాడకుండా ఉంచితే రుసుము పడుతుంది, వెనక్కి ఇచ్చేటప్పుడు సెల్లింగు కంటే తక్కువైన బయ్యింగు రేటే వస్తుంది. అబ్బాయి రెండో ఏడాది డబ్బుకి మాత్రం ఏప్రిల్ కోసం ఆగుతున్నాం. కొత్త ఆర్థిక సంవత్సరంతో మా ఇద్దరి పాన్‌ల మీదా పది లక్షల పరిమితి మళ్ళీ మొదట్నుంచి మొదలవుతుంది. మొదటి విడత అప్పుడే పంపి, రెండోది జులైకి ఉంచుతాం.