ఉమ్మెత్త, మందారం: మా అమ్మాయి వెళ్లిన ఆదివారం తరగతి

మాది రోజూ రెండు పూటలా దీపం వెలిగే ఇల్లు. పిల్లలకు శ్లోకాలు నేర్పడం మాకు ఎప్పుడూ కష్టం కాలేదు. మా తొమ్మిదేళ్ల అమ్మాయికి విష్ణు సహస్రనామంలో సగం నోటికి వచ్చు. అయినా లెక్కల పరీక్ష ముందు రాత్రి దిండులో ముఖం దాచుకుని, "నాకేమీ రాదు, నేను మొద్దుని" అని ఏడ్చేది. "అలా అనుకోకూడదమ్మా, తప్పు" అనేదాన్ని. మందు తాగేటప్పుడు కోతిని తలచుకోవద్దంటే కోతే గుర్తొచ్చినట్లు, నేను వద్దన్నకొద్దీ ఆ మాటనే పట్టుకునేది.

అందుకే విద్యానగర్ వైపు ఒక ఆలయం హాలులో జరిగే పిల్లల తరగతిలో చేర్పించాను. ప్రతి ఆదివారం ఉదయం 9 నుంచి 10:30 వరకు, మొత్తం 12 వారాలు. రుసుము 1,200 రూపాయలు, నోటుపుస్తకం వాళ్లే ఇస్తారు. పాఠం చెప్పేది ఉద్యోగ విరమణ చేసిన ఒక తెలుగు అధ్యాపకులు. పిల్లలందరికీ ఆయన తాతగారే.

మొదటి మూడు వారాలూ ఒక్కటే పద్యం. పోతన భాగవతం ఏడో స్కంధంలో ప్రహ్లాదుడు చెప్పే "మందార మకరంద మాధుర్యమునఁ దేలు మధుపంబు వోవునే మదనములకు". మందారపు తేనెలో తేలే తుమ్మెద ఉమ్మెత్త పూల (మదనముల) దగ్గరికి పోతుందా అని దాని అర్థం. మనమంతా బడిలో బట్టీ పట్టినదే. తాతగారు బట్టీ పట్టించలేదు. ఒక పళ్లెంలో ఉమ్మెత్త పువ్వు పెట్టి, "ఇది విషం, ఎవరూ ముట్టుకోవద్దు, చూడండి చాలు" అన్నారట. పద్యంలోని మందారం మన పెరట్లో పూసేది కాదని, దేవలోకపు చెట్టని చెప్పారట. తర్వాత అడిగారు: "ఉమ్మెత్త దగ్గరికి వెళ్లవద్దని తుమ్మెదకు ఎవరైనా చెప్పారా?" ఒక పిల్లవాడు లేచి, "తేనె దొరికాక ఎందుకు వెళ్తుంది తాతగారూ?" అన్నాడట. మా అమ్మాయి ఇంటికి వచ్చి ఈ సంభాషణంతా అభినయించి చూపించింది. ఇన్నేళ్లూ నేను తుమ్మెదను తరుముతూనే ఉన్నానని, తేనె ఎక్కడుందో చూపించలేదని అప్పుడు నాకు అర్థమైంది.

నోటుపుస్తకంలో ప్రతి పేజీకీ మధ్యలో గీత. ఎడమవైపు ఉమ్మెత్త, కుడివైపు మందారం. వచ్చిన దిగులు ఎడమవైపు రాయాలి, మనసును ఎక్కడికి మళ్లించాలో కుడివైపు రాయాలి. ఒక్కటే నియమం: కుడివైపు రాసేది నిజమై ఉండాలి. మా అమ్మాయి మొదట "నాకు అన్ని లెక్కలూ వచ్చు" అని రాసింది. తాతగారు కింద పెన్సిలుతో "నిజమేనా తల్లీ?" అని రాసి పంపారు. అది తుడిచేసి, "భిన్నాల కూడికలు వచ్చు. తీసివేతలు రాముణ్ణి తలచుకుని రేపు మళ్లీ చేస్తాను" అని రాసుకుంది. రబ్బరుతో రుద్దిన చోట కాగితం పలచబడి అవతలి పేజీ కనిపిస్తోంది. ఆ పేజీని నేను ఎన్నిసార్లు చూసుకున్నానో!

ఇప్పుడు ఇంట్లో ఆ మాటే వాడుక అయింది. పక్కింటివాళ్ల మీద నేను విసుక్కుంటే, "అమ్మా, ఉమ్మెత్త మీద వాలావు" అంటుంది. నేను ఆగిపోతాను.

ఒక విషయం మాత్రం చెప్పి తీరాలి. ఏడో వారం తాతగారు ఊళ్లో లేరు. బదులుగా వచ్చినావిడ, చెడ్డ ఆలోచన వస్తే దేవుడికి వెంటనే తెలిసిపోతుందని, చదువు రాకుండా చేస్తాడని చెప్పారు. మా అమ్మాయి రెండు రాత్రులు దీపం ఆర్పనివ్వలేదు. భక్తి ఉన్న ఇళ్లలో పిల్లలకు ఇంతకంటే హాని చేసే మాట లేదని నా నమ్మకం. దిగులు రావడమే పాపమైతే, పిల్లలు దాన్ని మన దగ్గరే దాచేస్తారు. నిర్వాహకులతో గట్టిగానే మాట్లాడాను. తరువాతి ఆదివారం తాతగారు పిల్లలందరినీ కూర్చోబెట్టి, రామదాసు చెరలో ఉండి రాముణ్ణే నిలదీసిన కీర్తన పాడారు. సీతమ్మకు చేయించిన చింతాకు పతకంతో సహా లెక్క అప్పజెప్పి, కోపంతో తిట్టి, ఆ వెంటనే దెబ్బలకు తాళలేక తిట్టానని వేడుకున్న కీర్తన అది. "దేవుడికి కోపమైనా చెప్పుకోవచ్చు" అన్నారట.

చివరి వారం గోల్కొండకు తీసుకువెళ్లారు. 15 ఏళ్లలోపు పిల్లలకు అక్కడ టికెట్ లేదు. తల్లిదండ్రులం కూడా వెళ్లాం. రామదాసు గోడ మీద చెక్కుకున్నాడని చెప్పే సీతారాముల బొమ్మల ముందు మా అమ్మాయి చాలాసేపు నిలబడింది. "తిట్టాక కూడా ఆయన బొమ్మే చెక్కాడా అమ్మా?" అని అడిగింది. తాతగారు విన్నారు. జవాబు చెప్పలేదు, తల నిమిరారు.

లోపాలూ ఉన్నాయి. ఆరేళ్ల నుంచి పదమూడేళ్ల వరకు అందరినీ ఒకే హాలులో కూర్చోబెడతారు. చిన్నవాళ్లకు పద్యం అందదు. మా ఆరేళ్ల బాబు నాలుగో వారానికే రానన్నాడు. ముప్పైమందికి పైగా పిల్లలకు రెండే ఫ్యాన్లు, నీళ్ల సీసా తప్పక ఇచ్చి పంపండి. రాత్రి పడుకునే ముందు ఇంట్లో ఎవరో ఒకరు పది నిమిషాలు నోటుపుస్తకం దగ్గర కూర్చోగలిగితేనే చేర్పించండి. ఆదివారం ఒక్క గంటన్నరతో అయ్యే పని కాదు.

దసరా సెలవుల తర్వాత మళ్లీ మొదలవుతుందట. అమ్మాయి పేరు ఇచ్చేశాను. బాబును ఎనిమిది నిండాక పంపుతాను.