ఉచితంగా 5.1 సౌండ్ కావాలంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ చాలు

5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) హోమ్ థియేటర్ ఉన్నవాళ్లు డబ్బులు పెట్టి ఆడియోను 5.1 ఫైలుగా మార్చే ఎన్‌కోడర్ కొనే ముందు ఆడియో, వీడియో ఫైళ్లను మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ (FFmpeg) సాఫ్ట్‌వేర్‌ను ఒకసారి వాడి చూడండి. పూర్తిగా ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. బటన్లు, మెనూలు ఉండవు, కమాండ్లు టైప్ చేయాలి, కొత్తవాళ్లకు మొదట్లో కాస్త టెన్షనే. కానీ ఒక్కో ఛానల్‌కు ఒకటి చొప్పున ఆరు వేవ్ (WAV) ఆడియో ఫైళ్లు ఉంటే వాటిని కలిపి ఒకే ఏసీ3 (డాల్బీ డిజిటల్) ఫైలుగా చేసే తీరు నాకు చాలా నచ్చింది. ఛానళ్ల వరుస మాత్రం జాగ్రత్త: ముందు ఎడమ, ముందు కుడి, సెంటర్, సబ్‌వూఫర్, వెనక ఎడమ, వెనక కుడి. ఇది తారుమారైతే మాటలు సబ్‌వూఫర్‌లోకి పోతాయి.

బిట్‌రేట్ సెకనుకు 448 కిలోబిట్లు పెడితే డీవీడీ స్థాయి, ఏసీ3లో గరిష్ఠం 640, నా ఓటు 640కే. ఆప్టికల్ కేబుల్ వాడేవాళ్లకు ఏసీ3 బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఆ కేబుల్‌లో మామూలు పీసీఎం (కుదించని ఆడియో) అయితే రెండు ఛానళ్లే వెళ్తాయి. స్టీరియో పాటను 5.1 చేసే సరౌండ్ ఫిల్టర్ కూడా ఉంది, అయితే అది ఉన్న రెండు ఛానళ్ల నుంచే లెక్కగట్టి పంచుతుంది కాబట్టి అసలైన మల్టీఛానల్ మిక్స్‌లోని స్పష్టత రాదు. డీటీఎస్ (ఏసీ3 లాంటి మరో సరౌండ్ ఫార్మాట్) ఎన్‌కోడర్‌ను ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాళ్లే ప్రయోగాత్మకం అని పెట్టారు, దాని జోలికి పోకండి.