చనిపోయినాయన పేరున ఉన్న ప్లాటు కొంటున్నారా? కొడుకుల సంతకాలు చాలవు

“నాన్న పోయారు, మేమిద్దరం అన్నదమ్ములం. చెల్లికి పెళ్లప్పుడే ఇవ్వాల్సింది ఇచ్చేశాం.” అమ్మేవాళ్ల నోట ఈ మాట వస్తే బయానా ఇవ్వకండి. రేటు చుట్టుపక్కల కంటే తక్కువ చెబుతుంటే మరీను.

లెక్క చూడండి. 200 గజాల ప్లాటు, తండ్రి స్వార్జితం, వీలునామా లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, ఇద్దరు కొడుకులు, కూతురు, బతికుంటే ఆయన తల్లి, ఐదుగురికీ సమాన వాటా. కొడుకులిద్దరే సంతకం పెడితే మీకొచ్చేది 80 గజాల హక్కు, అదీ ఏ మూలదో తేలని హక్కు. డబ్బు మాత్రం 200 గజాలకూ కట్టేసి ఉంటారు. కట్నం ఇచ్చినంత మాత్రాన కూతురి వాటా పోదు. ఆమె వదులుకుందంటే రిజిస్టరైన రిలీజ్ డీడ్ (వాటా వదులుకున్నట్టు రాసిచ్చే పత్రం) చూపించాలి; నోటరీ కాగితం చెల్లదు.

అందరూ మరిచిపోయేది నాయనమ్మను. కొడుకు పోయేనాటికి ఆమె బతికుండి, ఆ తర్వాత వీలునామా రాయకుండా పోతే, ఆమె ఐదో వంతులో మిగతా పిల్లలకూ భాగం ఉంటుంది. అంటే అమ్మేవాళ్ల బాబాయిలు, మేనత్తలు కూడా హక్కుదారులే. తండ్రిదీ నాయనమ్మదీ డెత్ సర్టిఫికెట్లు రెండూ అడిగి, తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి.

పిత్రార్జితమైతే వాటాల లెక్క వేరు. 2005 చట్ట సవరణకు ముందే తండ్రి పోయినా కూతురికి పుట్టుకతోనే హక్కుందని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చేసింది.

తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ హక్కు పత్రం కాదు. ఇంట్లోవాళ్లు చెప్పిన పేర్లే అందులోకి ఎక్కే ప్రమాదం ఉంది. పాత రేషన్ కార్డుతో పోల్చండి, వీధిలో నలుగురిని అడగండి. ఈసీ (ప్లాటు మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) శుభ్రంగా ఉందని మురిసిపోవద్దు, ఆడపడుచు వేసిన పార్టిషన్ దావా (వాటా పంచమని కోర్టులో వేసే కేసు) సాధారణంగా అందులో కనబడదు. కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ సైటులో కుటుంబంలో ప్రతి ఒక్కరి పేరుతోనూ వెతకండి. దావా నడుస్తుండగా కొంటే, తెలియక కొన్నామన్నా ఆ తీర్పు మీకూ వర్తిస్తుంది.

వారసుల్లో మైనర్ ఉంటే తల్లి సంతకం చాలదు, ముందుగా కోర్టు అనుమతి కావాలి. లేకపోతే ఆ పిల్లాడు 18 నిండాక మూడేళ్లలోపు అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు. తండ్రి బతికుండగా రాసిచ్చిన మామూలు జీపీఏ (తన తరఫున వ్యవహరించే అధికారం ఇచ్చే పత్రం) ఆయనతోనే పోతుంది. దాని మీద అమ్ముతామంటే లేచి వచ్చేయండి.

వారసులంతా సేల్ డీడ్‌లో అమ్మకందారులుగానే సంతకం పెట్టాలి. కూతురి చేత సాక్షి సంతకం పెట్టించి మమ అనిపిస్తారు, దాంతో ఆమె వాటా మీకు రాదు. ఆమె అమెరికాలో ఉంటే ఈ ప్లాటు సర్వే నంబరు, హద్దులు, అమ్మే అధికారం స్పష్టంగా రాసిన జీపీఏ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపాలి. అది ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టి వాలిడేట్ చేయించాలి. “నాకేం అభ్యంతరం లేదు” అని వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్‌తో రిజిస్ట్రేషన్‌కు వెళ్లకండి.