చేపల సాగుకు పర్మిషన్: ఊరి చెరువు మేలా, సొంత కుంట మేలా, డ్యాములో పంజరం మేలా?

సముద్రపు పాచి సాగు వీడియోలు చూసి, మన దగ్గర దానికి లైసెన్స్ ఎవరిస్తారని ఆరా తీసేవాళ్లు వరంగల్‌లోనూ ఉన్నారు. ఆ పాచికి ఉప్పునీళ్లు కావాలి, పాకాల నీళ్లలో బతకదు. తీరంలో ఆ సాగు 2023 చట్ట సవరణతో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ కిందికి వచ్చింది. మనకు దానితో పని లేదు. ఇక్కడ నీళ్లను నమ్ముకుని చేసే సాగంటే చేపలే. దానికి మూడు దారులున్నాయి, మూడింటికీ అనుమతి ఇచ్చేవాళ్లు వేరు. ఏ చేప వేయాలన్నది తర్వాతి మాట, ముందు తేలాల్సింది ఆ నీళ్లు ఎవరివని.

ఊరి చెరువులో చేప మీద మొదటి హక్కు మత్స్య సహకార సంఘానిది. చెరువు మత్స్యశాఖ లెక్కలో ఉంటే లీజు శాఖ ఇస్తుంది, పంచాయతీ లెక్కలో ఉంటే పంచాయతీ ఇస్తుంది. అంటే ఇక్కడ ఒక్కరి పేరు మీద పర్మిషన్ కోసం తిరగడం దండగ, సంఘంలో సభ్యత్వమే పర్మిషన్. దానికి 18 ఏళ్లు నిండాలి, వేట వృత్తి అయి ఉండాలి, వల విసరడం, అల్లడం, ఈత లాంటివి చూసే నైపుణ్య పరీక్షలో నెగ్గాలి. గంగపుత్ర, ముదిరాజ్ కుటుంబాల పిల్లలకు ఇది పుట్టుకతో వచ్చిన విద్య. వృత్తి తెలియనివాళ్లకు ఈ దారి దాదాపు మూసి ఉన్నట్టే.

సభ్యులకు మాత్రం ఇంత చవక బేరం ఇంకోటి లేదు. లీజు సొమ్ము అందరూ పంచుకుంటారు, మేత ఖర్చు లేదు, 2016 నుంచి సర్కారు ఉచిత చేపపిల్లల పథకం ఉంది. ఎండాకాలం ఎండిపోయే చెరువులకు 35–40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీళ్లుండే వాటికి 80–100 మిల్లీమీటర్ల పిల్లలు. తిప్పలు ఇక్కడే మొదలవుతాయి. పిల్లలు అక్టోబరు దాటి వస్తే, మార్చికి అడుగంటే చెరువులో పెరగడానికి ఐదు నెలలే మిగులుతాయి. బొచ్చె కిలో తూగదు. పైగా చిన్న పిల్లల్ని కొర్రమీను మింగేస్తుంది. సంఘం దగ్గర డబ్బుంటే, ఉచిత పిల్లల కోసం కాచుకోకుండా ఆగస్టులోనే పెద్ద పిల్లల్ని కొని వేసుకోవడం లాభం. మత్తడి దుంకే రోజుల్లో చేప కొట్టుకుపోకుండా జాలి కడతారు. అది మరీ సన్నగా ఉంటే చెత్త పట్టి నీళ్లు ఆగుతాయి, ఒత్తిడి కట్ట మీద పడుతుంది. వానలు ముదిరినప్పుడు రోజూ చెత్త తీసే మనిషి ఉంటేనే జాలి కట్టాలి.

ఒక హెచ్చరిక. సంఘం దగ్గర చెరువును గుత్తకు తీసుకుని తెల్ల కాయితం మీద రాసుకునే పద్ధతి చాలా ఊళ్లలో ఉంది. లీజు సంఘానిది, దాన్ని మరొకరికి ఇచ్చే హక్కు సంఘానికి లేదు. ఎవరైనా చెరువులో పురుగుమందు కలిపినా, రాత్రికి రాత్రి వల వేసినా, కేసు పెట్టడానికి గుత్తదారు చేతిలో ఏ ఆధారమూ ఉండదు.

ములుగు, భూపాలపల్లి వైపు షెడ్యూల్డ్ ఏరియాలో లెక్క వేరు. చిన్న నీటి వనరుల నిర్వహణ పెసా (షెడ్యూల్డ్ ఏరియా పంచాయతీల) చట్టం ప్రకారం పంచాయతీలది. 1970 నాటి 1వ రెగ్యులేషన్ ఉంది కాబట్టి గిరిజనేతరులు అక్కడ కుంట కోసం భూమి కొనే ఆలోచనే పెట్టుకోవద్దు. పాకాల లాంటి అభయారణ్యంలోని చెరువు దగ్గర అటవీశాఖ మాట కూడా కావాలి.

ఇక సొంత కుంట. వేట వృత్తి కాని రైతుకు మా ఓటు దీనికే, నేల ఒప్పుకుంటేనే సుమా. కాయితాలు తక్కువ: పట్టాదారు పాసుపుస్తకం, సర్వే నంబరు నక్ష, ఆధార్, బ్యాంకు పుస్తకం పట్టుకుని జిల్లా మత్స్యశాఖ ఆఫీసుకు వెళ్లాలి. కొత్త బోరు వేస్తుంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి వేరుగా తీసుకోవాలి. దరఖాస్తు ఎక్కువగా దెబ్బతినేది శిఖం భూమి దగ్గర. చెరువు నిండుమట్టం లోపల పట్టా ఉన్నా అక్కడ కుంట తవ్వనివ్వరు. తవ్వినా నీటిపారుదల శాఖ పూడ్పిస్తుంది. జేసీబీ పిలిచే ముందే ఎఫ్‌టీఎల్ (నిండుమట్టం) హద్దు ఎక్కడుందో అడిగి తెలుసుకోవాలి.

రెండో పరీక్ష నేలది. నల్లరేగడిలో నీళ్లు నిలుస్తాయి, ఎర్ర చెలకలో ఇంకిపోతాయి. నడుం లోతు గుంత తీసి పొద్దున నిండా నీళ్లు పోయండి, సాయంత్రం మళ్లీ నింపి ఆకులతో కప్పండి. తెల్లారేసరికి నీళ్లు చాలావరకు అలాగే ఉంటే కుంట నిలుస్తుంది. లేకపోతే అడుగున షీట్ పరవాలి, ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది. ఎకరం కుంటలో ఒకటిన్నర మీటరు నీళ్లంటే సుమారు 60 లక్షల లీటర్లు. గంటకు 10 వేల లీటర్లు పోసే బోరు రోజుకు పది గంటలు నడిచినా నింపడానికి రెండు నెలలు పడుతుంది. ఎండాకాలంలో రోజుకు 6 మిల్లీమీటర్లు ఆవిరైనా 24 వేల లీటర్లు పోయినట్టే. వరికే చాలని బోరును నమ్మి కుంట తవ్వితే ఏప్రిల్‌లో చేప తేలుతుంది.

పీఎం మత్స్య సంపద యోజనలో కొత్త చెరువు తవ్వకానికి హెక్టారుకు 7 లక్షలు, మొదటి పంట పెట్టుబడికి 4 లక్షలు యూనిట్ ఖర్చుగా, అంటే సబ్సిడీ లెక్కగట్టే ఖర్చుగా, కట్టారు. జనరల్ వర్గానికి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సబ్సిడీ. అది పని జరిగాక అధికారులు చూసి వేసే డబ్బు. ముందు సొంత సొమ్ము గానీ బ్యాంకు లోను గానీ చేతిలో ఉండాలి. తవ్వాక పెట్టుకున్న దరఖాస్తు చెల్లదు కాబట్టి మంజూరు కాయితం రాకముందు గడ్డపార వేయొద్దు. ఈ ఏడాది నిధులున్నాయా అన్నదీ ముందే అడగాలి.

ఎకరానికి 80–100 కిలోల సున్నం, 2,000 పెద్ద పిల్లలు, బొచ్చె నాలుగు పాళ్లు, రోహు మూడు, మ్రిగాల మూడు: మొదటిసారికి ఇంతకు మించొద్దు. ముసురు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే ఆక్సిజన్ తగ్గినట్టు. ఆ పూట మేత ఆపి మోటారుతో నీళ్లు పైనుంచి చిమ్మించాలి.

మూడో దారి డ్యాములో పంజరం, అంటే నీళ్లలో తేలే వల గూటిలో చేప పెంచడం. చూడ్డానికి బాగుంటుంది. 96 ఘనపు మీటర్ల పంజరం ఒక్కదానికి యూనిట్ ఖర్చు 3 లక్షలు, పంగాసియస్ చేప అయితే ఐదారు వేల పిల్లలు పడతాయి. అనుమతే కొరకరాని కొయ్య. దిగువ మానేరులోనైనా మధ్య మానేరులోనైనా నీళ్లు నీటిపారుదల శాఖవి, వేట హక్కు స్థానిక సంఘాలది, పైగా తాగునీటి సంగతి ఉంది. ఒంటరిగా వెళ్లినవాడు మూడు ఆఫీసుల చుట్టూ తిరగాలి. మట్టం పడిపోతే పంజరం నేలను తాకి, అడుగున పేరుకున్న మేత కుళ్లి చేప పోతుంది. ఎండాకాలంలోనూ పంజరం కింద రెండు మూడు మీటర్ల నీళ్లుండే చోటే పనికొస్తుంది. ఇది సంఘాలు కలిసి చేసుకోవాల్సిన పని.

ఎకరం కూడా లేనివాళ్లు బయోఫ్లాక్ వైపు, అంటే ట్యాంకుల్లో ఆగకుండా గాలి పంపిస్తూ చేప పెంచే పద్ధతి వైపు, చూస్తున్నారు. ఏడు ట్యాంకుల యూనిట్‌కు ఏడున్నర లక్షలు. కరెంటు పోయి గాలి ఆగితే గంటలోపే చేపలు చచ్చిపోవచ్చు. జనరేటర్, రాత్రి కాపలా లేకుండా మొదలుపెట్టొద్దు.

ఏ దారిలో వెళ్లినా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పేరు దరఖాస్తులో రాయొద్దు, ఆ సాగు నిషేధం. కుంట పెట్టాలనుకుంటే ఫిబ్రవరిలోపే ఆఫీసుకు వెళ్లండి. మంజూరు వచ్చాక ఏప్రిల్, మే నెలల్లో తవ్వకం, జూన్‌లో సున్నం, జూలైలో నీళ్లు, ఆగస్టులో పిల్లలు. ఒక నెల జారితే చివర్లో చేప బరువులో తెలుస్తుంది.