విత్తనాల ఈస్టర్ కార్డులు: అచ్చు తప్పింది, మొలక తప్పలేదు

2025 ఈస్టర్‌కి పంచుదామని విత్తన కాగితంతో చేసిన గ్రీటింగ్ కార్డులు 60 తెప్పించాను. రివ్యూ ఇంత ఆలస్యంగా, మే నెల కూడా గడిచాక రాయడానికి కారణం ఉంది. ఇలాంటి సరుకు మీద పార్శిల్ విప్పిన రోజే రాస్తే ఏం లాభం, మొలిస్తే కదా తెలిసేది. అమ్మినవాళ్ళ పేరు రాయడం లేదు. తప్పు జరిగింది, ఒప్పుకున్నారు, కొంత డబ్బు వెనక్కిచ్చారు, ఇంకా ఊరంతా టముకు వేయడం ఎందుకు.

విత్తన కాగితం చూడనివాళ్ళకి రెండు ముక్కలు. నూలు గుడ్డ పీలికలో పాత కాగితమో నానబెట్టి గుజ్జు చేసి, జల్లెడలాంటి చట్రం మీద పల్చగా పరిచి, తడిగా ఉండగానే చిన్న విత్తనాలు చల్లి, వేడి తగలకుండా ఆరబెడతారు. చేతికి గరుగ్గా, మందంగా ఉంటుంది, వేలితో తడిమితే గింజలు ఇసక రేణువుల్లా తగులుతాయి. చదవడం అయ్యాక చింపి నానబెట్టి మట్టిలో పెట్టడమే. కవరుతో కలిపి కార్డు 35 రూపాయలు, మొత్తం 2,100, కొరియర్‌కి ఇంకో 120. ఖరీదే. మామూలు కార్డులైతే ఇందులో సగం కూడా అవ్వదు.

అయినా ఎందుకు కొన్నానంటే, మాది గుంటూరు, లూథరన్ క్రైస్తవ కుటుంబం. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ గారు అమెరికా నుంచి ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ మావాళ్ళు సువార్త చెబుతూనే ఉన్నారు, కానీ నా సంగతి తీసుకుంటే పదిహేనేళ్ళుగా ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటూ క్రిస్మస్‌కి కేకు పంచడం తప్ప ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడింది లేదు. కరపత్రాలు పంచడం నాకు చేతకాదు, బస్టాండులో ఇచ్చినవి పది అడుగుల్లోనే కాళ్ళకింద పడుంటాయి, చూస్తే మనసు చివుక్కుమంటుంది. అదే మొలిచే కాగితమైతే పారేయరు కదా అనిపించింది. పైగా కార్డు వెనక బైబిల్లోని యోహాను 12:24 వేశారు, గోధుమగింజ భూమిలో పడి చస్తేనే విస్తారంగా ఫలిస్తుందన్న వాక్యం. కాగితానికీ మాటకీ అంత చక్కగా కుదిరిన కార్డు నేనెప్పుడూ చూడలేదు, ఆ ఆలోచన వచ్చినవాళ్ళకి నిజంగా దండం పెట్టాలి.

మెచ్చుకోలు ప్రస్తుతానికి ఇంతే.

ముందువైపు బొమ్మ చూడండి. మంచు కరుగుతున్న కొండ, పసుప్పచ్చ డాఫొడిల్ పూలు, రంగులేసిన గుడ్డు, పక్కన కుందేలు. చలిదేశాల్లో ఆర్నెల్లు మోడుగా ఉన్న నేల ఈస్టర్ నాటికి పూస్తుంది, వాళ్ళకది అర్థవంతమే, కాదనను. గుంటూరులో మంచెక్కడిది? మార్చి, ఏప్రిల్‌లో మిర్చి యార్డు వైపునుంచి గాలి కొడితే తుమ్ములు, దగ్గులు, మాకదీ వసంతం! మా చర్చి ఆవరణలో కానుగ చెట్టు ఉంది. శ్రమదినాలు, అంటే ఈస్టర్ ముందు నలభై రోజులు, మొదలయ్యేసరికి ఆకు రాల్చడం మొదలుపెడుతుంది, ఊడ్చేవాళ్ళు ఊడ్వలేక విసుక్కుంటారు, ఈస్టర్‌కి ముందు వారం మట్టలాదివారం వచ్చేసరికి లేత చిగురు, ఈస్టర్ నాటికి నూనె రాసినట్టు నిగనిగలాడే పచ్చటి ఆకు. మా వీధిలో వేపకి ఎర్రటి చిగురు, పూత. ఉగాది పచ్చడిలోకి ఆ పూత కోసుకెళ్ళినవాళ్ళకే మూడు వారాల తర్వాత నేను ఈస్టర్ కార్డు ఇవ్వబోతున్నాను. అసలు ఈస్టర్ తేదీ లెక్కే వసంతం మీద ఆధారపడి ఉంది, మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే తొలి పున్నమి దాటాక ఆదివారం. ఇంత దగ్గరగా చెట్టు సాక్ష్యం పెట్టుకుని కుందేలెందుకు? మా అన్నయ్య కూతురు నన్నదే అడిగింది, "అత్తా, సమాధి దగ్గర కుందేలు కూడా ఉందా?" అని. నా దగ్గర జవాబు లేదు.

ఇక అచ్చుతప్పు. లోపల పెద్దక్షరాలతో "పునరుద్ధాన పండుగ శుభాకాంక్షలు" అని వేశారు. నేను పంపిన మాటర్‌లో పునరుత్థాన అనే ఉంది, మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది, ఎవరో మళ్ళీ టైపు చేసి పాడుచేశారు. చిన్న ఒత్తే కదా అనుకోకండి. ఉద్ధరించడం అంటే పూడిపోయిన బావికి పూడిక తీయించడం, పాత గుడికి సున్నం వేయించడం లాంటి పని. ఉత్థానం అంటే లేవడం. చచ్చి, పూడ్చిపెట్టబడి, లేవడం. మా నమ్మకమంతా ఆ త్థ ఒత్తులోనే ఉంది. ఫోన్ చేస్తే ఒకమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, కొత్త కాగితం చేసి ఆరబెట్టి అచ్చేసి పంపేసరికి రెండు వారాలు పడుతుందంది. అప్పటికి గుడ్‌ఫ్రైడేకి ఉన్నది వారమే. 400 రూపాయలు తిరిగి వేశారు. నేనూ వదినా కూర్చుని 60 కార్డులూ బాల్‌పెన్నుతో దిద్దాం, ద్ధని త్థగా మార్చడం అయ్యే పని కాదు, కొట్టేసి పైన రాశాం. గరుకు కాగితం మీద పెన్ను గింజకి తగిలినప్పుడల్లా గీత పక్కకి పోయేది. ఆఖరికి చూస్తే స్కూల్లో మాస్టారు దిద్దిన పేపర్లలా తయారయ్యాయి.

ఏప్రిల్ 20 తెల్లవారుజామున నాలుగింటికి సమాధుల తోటకెళ్ళాం, కొవ్వొత్తులూ చామంతులూ పట్టుకుని, ఏటా వెళ్ళేదే. కానీ ఈసారి మాకు కొత్త సమాధి ఉంది. నాన్నగారు పోయిన ఆగస్టులో ప్రభువునందు నిద్రించారు. చీకట్లో ఒకరెవరో "క్రీస్తు లేచెను" అంటే చుట్టూ అందరూ "నిజముగా లేచెను" అన్నారు, చిన్నప్పట్నుంచీ అంటున్న మాటే, ఆ రోజు మాత్రం నాకు గొంతు పెగల్లేదు. యేసు శిష్యురాలు మగ్దలేనే మరియ, ఆయన లేచిన రోజు అలాంటి వేకువనే సమాధి ఉన్న తోటలో ఏడుస్తూ, ఎదురుగా నిలబడ్డ యేసుప్రభువుని తోటమాలి అనుకుంది కదా, అది గుర్తొచ్చి ఒక కార్డు నానబెట్టింది తీసుకెళ్ళి నాన్న సమాధి పక్కన మట్టిలో పెట్టాను. అది మొలవలేదు. నీళ్ళు పోసేవాళ్ళు లేరు, ఎండ చూస్తే అలా ఉంది. రివ్యూ కాబట్టి ఉన్నదున్నట్టు రాయాలి.

ఇంట్లో నాలుగు కార్డులతో ప్రయోగం చేశాను. కవరు మీద రాసినట్టు "తడిపి, మట్టి చల్లి, ఎండలో ఉంచండి" అని చేసిన రెండూ గంటలో అప్పడంలా ముడుచుకుపోయాయి. ఆ సూచన మన ఎండలు తెలియనివాళ్ళు రాసుంటారు. మిగతా రెండిటినీ రాత్రంతా నానబెట్టి, పాత పెరుగు డబ్బాలో వెర్మీ కంపోస్టు మీద పరిచి, పైన చిటికెడు మట్టి మాత్రమే చల్లి, తడి గోనెపట్టా కప్పి వంటింటి కిటికీ దగ్గర నీడన పెట్టాను. ఎనిమిదో రోజు పొద్దున పట్టా ఎత్తితే కాగితం గుజ్జులోంచి తెల్లటి దారాల్లాంటి కాడలు, ఒక్కోదానికీ అరచందమామల్లా రెండేసి బుల్లి ఆకులు, ఒకదాని నెత్తిన ఇంకా గింజపొట్టు టోపీలా ఉంది. లెక్కపెట్టాను, ఒక కార్డుకి 19, ఇంకోదానికి 14. విచిత్రం ఏంటంటే రెండిట్లోనూ బంగారు రంగు ఫాయిల్ అక్షరాలున్న చోట ఒక్క మొలకా లేదు. ఫాయిల్ వేడిచేసి నొక్కుతారు, గింజలు మాడిపోయుంటాయి. ఆ మెరిసే అక్షరాలు ఏంటంటే, "క్రీస్తు లేచెను". నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

కార్డు మీద "పూల మొక్కల విత్తనాలు" అని మాత్రమే ఉంది, ఏ పువ్వో రాయలేదు. ఆ సంగతి మే నెల మధ్యలో ఎదురు ఫ్లాట్ మామ్మగారి దగ్గర తేలింది. తలుపు కొట్టి పిలిచారు.

"ఏమ్మాయ్, మీ పండక్కిచ్చిన అట్టముక్కలో ఏం మొలిచిందో చూశావా?"

"ఏం మొలిచింది మామ్మగారూ?"

ఆకు నలిపి నా ముక్కు దగ్గర పెట్టారు. తులసి! పరుగున ఇంటికొచ్చి నావి వాసన చూస్తే అవీ అంతే. నాకు చెమటలు పట్టాయి, సువార్త పేరుతో బ్రాహ్మల ఇంటికి తులసి పంచినదాన్ని ఈ గుంటూరు జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆవిడకి మాత్రం పట్టరాని సంతోషం. కుండీ తిప్పి చూపిస్తూ, "వెనకాల రాశారే, గింజ చస్తేనే పంటని, మా ఆయన సేద్యం చేయించినన్నాళ్ళూ చూశానమ్మా, తవ్విచూస్తే కుళ్ళినట్టుంటుంది, పైన పచ్చగా వచ్చేస్తుంది. అదంతా నాకు తెలుసు. మనిషి సంగతి అలా చెప్పగలమా? మీ నాన్నగారు లేస్తారంటావా?" అన్నారు.

"లేస్తారనే నమ్ముకుని ఉన్నాం మామ్మగారూ. యేసుప్రభువు లేచాడు కాబట్టి."

ఆవిడ కాసేపేం మాట్లాడలేదు. "అయితే మంచిదేగా తల్లీ" అని చెంబుతో నీళ్ళు పోయడం మొదలుపెట్టారు. తర్వాత తలుపు దగ్గరే నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నాం, నాన్న గురించి, పోయిన వాళ్ళాయన గురించి. పదిహేనేళ్ళలో మొదటిసారి.

మిగతా కార్డుల్లో ఎన్ని మొలిచాయో నాకు చెప్పినవాళ్ళు పదకొండు మంది, అందులో ఏడుగురికి మొలిచాయి. కాగితానికీ ఆలోచనకీ కలిపి అయిదుకి మూడు. అచ్చు సరిగ్గా ఉండి, విత్తనం పేరు వేసుంటే నాలుగున్నర ఇచ్చేదాన్ని. కొనేవాళ్ళు ఈస్టర్‌కి నెలముందే ఆర్డరు పెట్టండి, ఎక్కువ రోజులు నిలవుంచకండి, తేమ తగలనివ్వకండి, అచ్చయ్యే ముందు ప్రతి ఒత్తూ చూసుకోండి.

2026లో ఈస్టర్ ఏప్రిల్ 5న, రెండు వారాలు ముందు, ఎండ ఈసారంత ఉండదనుకుంటా. వాళ్ళకే మళ్ళీ మెయిల్ పెట్టాను, ఫాయిల్ వద్దు, కుందేలు తీసేసి చిగురేసిన కానుగ కొమ్మ వేయమని, విత్తనం బంతి పెట్టమని. మామ్మగారు మాత్రం తనకి కనకాంబరం కావాలంటున్నారు.