పాంటోప్రజోల్ 40, 20: రెండేళ్లకు పైగా వాడాక

ఎండోస్కోపీలో నా అన్నవాహిక అడుగున ఎర్రటి గీతల్లాంటి పుండ్లు కనిపించాయి. రిపోర్టులో గ్రేడ్ ఎ అని రాశారు, అంటే 5 మిల్లీమీటర్లు మించనివి. కడుపులో ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ మాత్ర, 40 మిల్లీగ్రాములది, ఎనిమిది వారాలు వాడాను, మంట పోయింది, సంగటీ ఊరుబిండీ మళ్లీ తిన్నాను. కానీ నా మనసు గెలుచుకుంది 20.

కోర్సు అయ్యాక డాక్టరు గారు మాత్ర ఆపి చూద్దామన్నారు. ఆపాక నరకం చూశాను. నేను తిరుమల ఘాట్‌లో టాక్సీ నడుపుతాను. అలిపిరి దాటి మలుపులు మొదలవగానే పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నేవి. వెనక సీట్లో వాళ్లు గోవింద నామాలు చెబుతుంటే, నేను గుటకలు మింగుతూ స్టీరింగ్ తిప్పేవాణ్ణి. పడుకుంటే రొమ్ము మధ్యలో నిప్పు. ఇక 40 కూడా చాలదేమోనని ఒకటే టెన్షన్. డాక్టరు గారేమో 20 రాశారు! ఇన్నాళ్లూ అణిచిపెట్టిన ఆమ్లం, మాత్ర ఆపగానే కొన్నాళ్లు మామూలు కంటే ఎక్కువ ఊరుతుందట. పుండు మానింది కాబట్టి కాపలాకు సగం డోసు చాలన్నారు. నిజంగానే చాలింది. ఆ మలుపుల్లో ఇప్పుడు నా ధ్యాస రోడ్డు మీదే ఉంటోంది.

అయితే 20తో టైము తప్పకూడదు. తిండి పడ్డప్పుడే కడుపులో ఆమ్లం పంపులు పనిలోకి దిగుతాయి, వాటిని ఆపాలంటే మందు అప్పటికే రక్తంలో ఉండాలి. అందుకే టిఫినుకు అరగంట ముందు వేసుకోవాలి. తెల్లవారుజాము ట్రిప్పులప్పుడు అది కుదరక, మధ్యాహ్నానికి మంట తెలుస్తుంది. పెళ్లి భోజనం పొద్దుపోయి చేసి పడుకున్నా అంతే. 40 మీదున్నప్పుడు ఇలాంటివి చెల్లిపోయేవి.

ఒక మందుల షాపులో 20 లేదని, పేరు చివర డి ఉన్న మాత్ర చేతిలో పెట్టి "రెండూ ఒకటేన్నా" అన్నారు. ఎట్లా ఒకటవుతాయి? దాంట్లో డోంపెరిడోన్ అనే వాంతులు తగ్గించే మందు కలిసి ఉంటుంది. గుండె జబ్బున్న వాళ్లకు అది ప్రమాదం తేవచ్చు. ఇంత తేలిగ్గా ఇచ్చేస్తారా అని ఇప్పటికీ కోపమే. స్ట్రిప్ వెనక చదివి తిరిగిచ్చేశాను.

నాకు సిగరెట్ అలవాటు లేదు, పుండ్లూ చిన్నవే. మా బావది గ్రేడ్ సి, అంటే నాకంటే తీవ్రమైనది, ఆయన 40 మీదే ఉన్నారు, ఆయన్ని 20కి మారమని నేను చచ్చినా చెప్పను. ఈ మాత్ర ఏళ్లతరబడి వాడితే బి12 విటమిన్ తగ్గవచ్చు కాబట్టి, వచ్చే చెకప్‌లో ఆ పరీక్ష చేయించుకుని, రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని డాక్టరు గారిని అడగాలి.