టైమింగ్ చైన్ మోత: టెన్షనర్ ఒక్కటే మార్చాలా, కిట్ మొత్తం వేయించాలా?

బైకు ఇంజిన్‌లోంచి చరచరమని గొలుసు ఊగినట్టు చప్పుడొస్తుంటే, వైజాగ్‌లో మద్దిలపాలెం వెళ్లినా గాజువాక వెళ్లినా వినిపించే మాటలు రెండే. ఒకటి, “టెన్షనర్ పోయింది గురూ, మార్చేస్తే సరిపోద్ది.” రెండోది, “చైను సాగిపోయింది, కిట్ వేసేద్దాం.” ఇంజిన్ లోపల క్రాంక్ నుంచి, వాల్వులు తెరిచే క్యామ్‌ను తిప్పే గొలుసే టైమింగ్ చైను. అది వదులవకుండా రాడ్‌తో నొక్కిపట్టేది టెన్షనర్. చైనుతో పాటు దాని పళ్ల చక్రాలు (స్ప్రాకెట్), అది ఆనుకుని జారే పట్టీలు (గైడులు) కలిపితే కిట్. ఈ రెండు పనులకూ ఖర్చులో చాలా తేడా ఉంది. టెన్షనర్ సాధారణంగా బయటి నుంచే రెండు బోల్టులు విప్పి మార్చేది. కిట్ వేయాలంటే హెడ్ (ఇంజిన్ పైభాగం) కవర్ తీయాలి, చాలా బండ్లలో పుల్లర్ అనే పనిముట్టు పెట్టి మ్యాగ్నెట్ (క్రాంక్ చివరన ఉండే అయస్కాంత చక్రం) లాగాలి, గైడు కోసం ఒక్కోసారి హెడ్ కూడా దించాలి. చప్పుడు విని ఊహతో చెప్పినంత మాత్రాన రెండింట్లో దేనికీ ఒప్పుకోవద్దనేది నా మాట. ఏది వేయాలో పాత టెన్షనరే చెబుతుంది.

ముందు అది టైమింగ్ చైన్ చప్పుడేనా అని తేల్చుకోవాలి. ఆయిల్ లెవెల్ చూడండి, తక్కువుంటే ఇంజిన్‌లో అన్నీ మోగుతాయి. ట్యాపెట్ల (వాల్వులను నొక్కే భాగాల) చప్పుడు హెడ్ పైనుంచి టిక్ టిక్‌మని ఒకే లయలో వస్తుంది, యాక్సిలరేటర్ ఇచ్చేకొద్దీ లయ వేగం పెరుగుతుంది. చైన్ చప్పుడుకు ఆ లయ ఉండదు. స్లో స్పీడ్‌లో గరగరలాడి, కొంచెం రేస్ చేయగానే తగ్గి, యాక్సిలరేటర్ వదిలేయగానే మళ్లీ చరచరమంటుంది. సింహాచలం ఘాట్ దిగుతూ గేరులోనే యాక్సిలరేటర్ మూసేసి వింటే ఇది బాగా తెలుస్తుంది. ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసే టెన్షనర్ ఉన్న బండి పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు మోగి ఆగిపోతే కంగారు అక్కర్లేదు. పాత బుల్లెట్లకు అసలు టైమింగ్ చైనే ఉండదు. వాటిలో ఆ పనికి పుష్ రాడ్లనే కడ్డీలు, గేర్లు ఉంటాయి కాబట్టి మోత ఎక్కడిదో వేరేగా వెతకాలి. బీచ్ రోడ్డు ఉప్పు గాలికి తుప్పు పట్టేది వెనక చక్రం చైను. టైమింగ్ చైను ఆయిల్‌లో తిరుగుతుంది, దానికి ఆ గాలి తగలదు.

ఇక టెన్షనర్ విప్పే పద్ధతి. చాలామంది తొందరపడేది ఇక్కడే. రాడ్ మీద పళ్లుండి, వెనక్కి జారకుండా లాక్ పట్టే రకం అయితే మొదట టెన్షనర్ వెనకవైపు మధ్యలో ఉన్న బోల్టు విప్పి స్ప్రింగు బయటికి తీయాలి. ఆ తర్వాతే రెండు మౌంటింగ్ బోల్టులు విప్పాలి. నేరుగా ఆ రెండూ విప్పేస్తే స్ప్రింగు బలానికి రాడ్ చివరిదాకా దూకేస్తుంది, ఇంజిన్‌లో అది ఎంతవరకు వచ్చి ఆగిందో ఇక తెలీదు. టెన్షనర్ బయట ఉన్నంతసేపు కిక్ కొట్టడం, ఇంజిన్ తిప్పడం చేయకూడదు. వదులైన చైను పన్ను దాటేస్తుంది.

అలా జాగ్రత్తగా తీసిన టెన్షనర్‌ను చేతిలో పెట్టుకుని చూడండి. రాడ్ సగం దాకానే వచ్చి ఉందా? బొటనవేలితో గట్టిగా నొక్కితే, లాక్ వదలకుండానే లోపలికి జారిపోతోందా? అయితే లాక్ పళ్లు అరిగాయి, చైను బాగానే ఉంది. టెన్షనర్ ఒక్కటి మారిస్తే చాలు, కిట్ డబ్బులు దండగ. రాడ్ దాదాపు చివరి పన్ను దాకా వచ్చేసి ఉంటే మాత్రం తప్పు టెన్షనర్‌ది కాదు. చైను సాగింది, లేదా గైడు అరిగింది. అక్కడ కొత్త టెన్షనర్ వేస్తే కొన్నాళ్లు మోత తగ్గుతుంది, తర్వాత అదీ చివరికొస్తుంది. సాగిన చైనుతో క్యామ్ టైమింగ్ వెనకబడి పికప్ కూడా తగ్గుతుంది. అందుకే ఈ స్థితిలో నా ఓటు కిట్‌కే, అందులోనూ చైనుతో పాటు స్ప్రాకెట్, గైడులు కలిపి. పళ్లు కొక్కేల్లా వంగిన పాత స్ప్రాకెట్ మీద కొత్త చైను ఎక్కువ కాలం నిలవదు. గైడు మీద చైను కోసిన గాడి లోతుగా ఉంటే ఆయిల్‌ను వడగట్టే జాలీ కూడా తీసి చూడమనండి. ఊడిన ముక్కలు అక్కడే ఇరుక్కుంటాయి.

కొందరు మూడో దారి చెప్తారు, బోల్టు తిప్పి బిగించుకునే మాన్యువల్ టెన్షనర్. రేసు బండికి సరే. రోజూ ఆఫీసుకు తిరిగే బండికి వద్దు. ఎక్కువ బిగిస్తే గైడు తినేస్తుంది, తక్కువైతే మళ్లీ మోతే. ఆటోమేటిక్ రకాన్ని కూడా రాడ్ వెనక్కి నెట్టకుండా బిగిస్తే చైను టైటైపోయి కూత పెడుతుంది.

పాత డుకాటీ మాన్‌స్టర్, స్క్రాంబ్లర్ లాంటి బండ్లలో చైను బదులు రబ్బరు టైమింగ్ బెల్టులుంటాయి. వదులైతే కవరుకు కొట్టుకుంటాయి, ఎక్కువ బిగిస్తే ఈలలా కూస్తాయి, రోలర్ బేరింగ్ పోతే గరగరమంటాయి. అక్కడ ఏది మేలన్న ప్రశ్నే లేదు. బండి కంపెనీ ఇచ్చిన పుస్తకంలో చెప్పిన గడువుకు, మోత లేకపోయినా బెల్టులు మార్చాల్సిందే. బెల్టు తెగితే వాల్వులు వంగుతాయి.

కిట్ వేయిస్తే చివర్లో పక్కనే నిలబడండి. మ్యాగ్నెట్ మీది టి గుర్తు (పిస్టన్ పూర్తిగా పైకొచ్చిందని చెప్పేది), క్యామ్ స్ప్రాకెట్ గుర్తు రెండూ వాటి గీతలకు సరిగ్గా కలవాలి. స్టార్ట్ చేయక ముందు ఇంజిన్‌ను స్పానర్‌తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పించండి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది కాబట్టి, అప్పుడు గుర్తులన్నీ మళ్లీ కలవాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలవంతంగా తిప్పనివ్వకండి, చైను విప్పి మళ్లీ వేయమనండి.